జపాన్‌లో ఒక్క పూట సుషి తినాలంటే ఎక్కడ కూర్చోవాలి?

జపాన్ వస్తున్నామని ఫోన్ చేసే మనవాళ్ళు వీసా, చలి, రైలు పాస్ అయ్యాక తప్పకుండా అడిగేది సుషి గురించే. "ఒకసారైనా తినాలి, ఎక్కడికి వెళ్ళమంటావు?" వారం రోజుల ప్రయాణంలో టోక్యో, క్యోటో, ఒసాకా, మధ్యలో ఫుజి కొండ. సుషికి దొరికేది ఒక పూట, మహా అయితే రెండు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు చేప తినేవాళ్ళయి, ఇద్దరో ముగ్గురో ఉంటే, ఏదో ఒక వీధిలో పది సీట్లున్న చిన్న సుషి షాపుకి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళండి. బోర్డు మీద మూడు ధరల్లో సెట్లుంటాయి, నడిమిది అడగండి. ఈ సలహా అందరికీ కుదరదు. ఎవరికి కుదరదో, వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో కూడా చెబుతాను.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. సుషి అంటే పచ్చి చేప అనుకుని వస్తారు చాలామంది. కాదు, సుషి అంటే పుల్లని అన్నం. ఆ మాట పుట్టిందే పులుపు అనే అర్థంలోంచి. వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో పోసి, వెనిగర్, ఉప్పు, పంచదార కలిపి, విసనకర్రతో విసురుతూ మెతుకు నలగకుండా కలుపుతారు. పులిహోరకి అన్నం పళ్ళెంలో ఆరబోసి పులుసు కలిపిన చేతికి ఈ పని కొత్తేమీ కాదు. ఆ అన్నం ఒంటి వేడి మీద ఉండగానే ముద్ద కట్టి, చేప ముక్క ఒత్తి, ఎదురుగా పెడితే నిమిషంలో నోట్లో వేసుకోవాలి. మంచి సుషి అంటే ఇదే. అందుకే షాపుల్ని చేపని బట్టి కాదు, అన్నాన్ని బట్టి పోల్చి చూడమంటాను. అన్నం సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

తిరిగే బెల్టు, పెద్ద కౌంటర్, మిగతావి

అందరికీ ముందు గుర్తొచ్చేది బెల్టు సుషి, జపనీస్‌లో కైతెన్ సుషి. ఇప్పటి హిగాషి ఒసాకాలో 1958లో షిరాయిషి యోషియాకి అనే ఆయన మొదలుపెట్టాడు. బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద కదలడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. 1970 ఒసాకా ఎక్స్‌పో తర్వాత దేశమంతా పాకింది. ఇప్పుడు సుషిరో, కురా, హామా లాంటి గొలుసు షాపులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. పళ్ళెం ధర వంద యెన్ల పైచిలుకు నుంచి మొదలవుతుంది, పళ్ళేనికి సాధారణంగా రెండు ముక్కలు. బల్ల మీద తెర ఉంటుంది. బొమ్మ చూసి, ఇంగ్లీషులో చదువుకుని నొక్కితే చాలు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కురాలో అయిదు ఖాళీ పళ్ళేలు బల్ల పక్కనున్న సందులో పడేస్తే తెర మీద ఆట వస్తుంది, గెలిస్తే చిన్న బొమ్మ దొరుకుతుంది. పిల్లలు దానికోసమే ఇంకో రెండు పళ్ళేలు తింటారు. అయితే బెల్టు మీద వరసగా తిరిగే పళ్ళేలని చూద్దామని వెళ్తే నిరాశ పడొచ్చు. 2023లో ఒక ఆకతాయి సోయా సాస్ సీసాని నాకిన వీడియో దేశమంతా చుట్టేశాక, చాలా షాపులు పళ్ళేలని ఊరికే తిప్పడం మానేసి, అడిగినదే బల్ల దగ్గరికి పంపిస్తున్నాయి.

అక్కడ అన్నం ముద్దలు యంత్రం చేస్తుంది. తప్పేమీ కాదు, రోజుకి వేల ముద్దలు చేతితో కట్టలేరు. కానీ ఆ ముద్ద ఎప్పుడూ ఒకే బిగువుతో ఉంటుంది, కొంచెం చల్లారి వస్తుంది. జపాన్ సముద్రం వైపున్న కనజావా, తొయామా, ఉత్తరాన ఉన్న సప్పోరో వైపు స్థానిక బెల్టు షాపుల సంగతి వేరు. చాలావాటిలో మధ్యన మనుషులే నిలబడి ముద్ద కడతారు, చేపా బాగుంటుంది. ఆ ఊళ్ళలో బెల్టు షాపుకి వెళ్ళినా బాధ పడనక్కర్లేదు.

రెండో కొసన ఒమకాసే కౌంటర్లున్నాయి. "మీకే వదిలేస్తున్నాం" అని ఆ మాటకి అర్థం. టోక్యోలో ఖరీదైన పేట గింజా లాంటి చోట ఎనిమిది సీట్లు, అందరూ ఒకే వేళకి కూర్చోవాలి, రెండు గంటలు, మనిషికి 20,000 యెన్ల నుంచి 40,000 దాకా, కొన్ని చోట్ల అంతకు మించి. యెన్ అరవై పైసలకు అటూ ఇటూ ఉన్న లెక్కలో చూసుకోండి. నెలల ముందే సీటు పట్టాలి, చివర్లో మానుకుంటే చాలా చోట్ల డబ్బు మొత్తం పోతుంది. అన్నం పరంగా ఇంతకంటే గొప్పది లేదు, అది ఒప్పుకుంటాను. కానీ మొదటిసారి తినేవాళ్ళకి నేను చెప్పను. పాట వినడం అప్పుడే మొదలుపెట్టినవాళ్ళని రాగం తానం పల్లవి దగ్గర కూర్చోబెట్టినట్టుంటుంది. ఈ ముక్కకీ ఆ ముక్కకీ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి ముందు కొన్ని పూటలు మామూలు సుషి తిని ఉండాలి.

చేపల మార్కెట్ దగ్గర తింటే తాజాగా ఉంటుందని తెల్లవారుజామునే లేచి వెళ్ళేవాళ్ళున్నారు. టోక్యో టోకు మార్కెట్ 2018 అక్టోబర్‌లో త్సుకిజి నుంచి తొయోసుకి మారింది. త్సుకిజిలో బయటి బజారు మాత్రం అలాగే ఉంది. పేరున్న షాపుల ముందు గంటల తరబడి వరస, ధరలు పర్యాటకుల లెక్కలో. పైగా తాజాతనమే సర్వస్వం అనుకోవడం సుషి విషయంలో సరి కాదు. పెద్ద ట్యూనాని రోజుల తరబడి మాగనిస్తారు, అప్పుడే రుచి దిగుతుంది. తెల్ల చేపల్నీ చాలామంది కొంత ఆగి వాడతారు. మార్కెట్ గోడ పక్కనే కూర్చున్నంత మాత్రాన ముక్క బాగుపడదు. చూడ్డానికి వెళ్ళండి, తినడానికి వరసలో నిలబడకండి.

నిలబడి తినే షాపులు స్టేషన్ల దగ్గర ఉంటాయి. రెండేసి ముక్కలు అడిగి ఇరవై నిమిషాల్లో బయటపడొచ్చు. నిజానికి సుషి పెరిగింది అలాగే. 1820ల్లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, హనాయా యొహేయి లాంటివాళ్ళు వీధిలో అమ్మినప్పుడు అది దారిన పోయేవాళ్ళు ఆగి తినే చిరుతిండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో మాత్రం వద్దు.

సూపర్‌మార్కెట్ డబ్బాలది చివరి వరస. రాత్రి ఏడు దాటాక వాటి మీద సగం ధర చీటీలు అంటిస్తారు. ఫ్రిజ్‌లో ఉన్న అన్నం బిగుసుకుపోయి మెతుకు మెతుకు విడిగా తగులుతుంది. అలసిపోయిన రాత్రి గదిలో తినడానికి సరే. అదే మీ ఒక్కగానొక్క సుషి కాకూడదు.

వీధి చివర చిన్న షాపు

మా బాబాయి, పిన్ని కాకినాడ నుంచి వచ్చినప్పుడు కనజావాలో అలాంటి షాపుకే తీసుకెళ్ళాను. వాన పడుతోంది. ఎనిమిది సీట్లు, లోపల డెబ్భై దాటిన పెద్దాయన, టీ అందించే ఆయన భార్య. కౌంటర్ మీద అద్దాల పెట్టెలో ఆ రోజు చేపలు వరసగా ఉన్నాయి. వీపు మీద నీలి చారలున్న వెండిరంగు ముక్కని చూసి బాబాయి, "ఏరా, ఇది మన కానాగంతలా ఉందే" అన్నారు. అది సబా, కానాగంత చుట్టమే. కానాగంతకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో కానగుర్త అనే మన మాటే ఉంది, ఆ చేపని మొదట రాసుకున్నది విశాఖపట్నం తీరంలో. బాబాయి ఆ చేప పొడుగెంతో చేత్తో చూపించారు, పెద్దాయన తన చేప పొడుగెంతో తనూ చేత్తో చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పది నిమిషాలు చేపల గురించే మాట్లాడుకున్నారు. బెల్టు షాపులో తెర నొక్కితే ఇది దొరకదు. ఒమకాసే కౌంటర్లో దొరికినా, ఆ ధర చూసి మా బాబాయి ముక్క ముక్కకీ లెక్క కట్టుకుంటూ కూర్చునేవారు.

ఇక ఎలా వెళ్ళాలో చెబుతాను. గుమ్మానికి వేలాడే గుడ్డ తెరని నోరెన్ అంటారు. అది బయట కట్టి ఉంటే షాపు తెరిచినట్టు, లోపల ఉంటే మూసినట్టు. మధ్యాహ్నం సాధారణంగా పదకొండున్నర నుంచి రెండు దాకా, తినడానికి ఒంటిగంటన్నర లోపు వెళ్ళాలి. బయట బోర్డు మీద ధరలు రాసి ఉన్న షాపునే ఎంచుకోండి. ధర బదులు "జికా" అని రెండు అక్షరాలుంటే ఆ రోజు బజారు ధర అని అర్థం. అలాంటి చోట ఫలానా ముక్క ఎంతో అడగడం నామోషీ ఏమీ కాదు, అడగడం రాకపోతే ఆ ముక్క జోలికి పోకండి.

తలుపు పక్కకి జరిపి వేళ్ళతో ఎంతమందో చూపించండి. పెద్దాయన చేతులు ఇంటూ గుర్తులా పెడితే సీట్లు నిండాయనో, ముందే చెప్పుకున్నవాళ్ళకనో అర్థం. మనల్ని చూసి వద్దన్నాడని నొచ్చుకోవద్దు, ఎనిమిది సీట్ల షాపులో అది రోజూ జరిగేదే. పెద్ద సూట్‌కేసులతో, ఘాటైన సెంటుతో వెళ్ళకండి. పక్కవాళ్ళ ముక్క వాసన మీ సెంటు కింద పోతుంది.

సుషి అడగడానికి మూడు పద్ధతులు. ఒమకాసే సంగతి చెప్పుకున్నాం. ఒకొనొమి అంటే ఒక్కొక్క ముక్కా మీ ఇష్టప్రకారం అడగడం. దానికి చేపల పేర్లు తెలియాలి, బిల్లు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఒకిమారి అంటే కట్టిన సెట్, ధర ముందే తెలుసు. మీకు కావలసింది ఇది. సెట్లు మూడు మెట్లలో ఉంటాయి: నామి, జో, తొకుజో. కొన్ని చోట్ల వీటినే పైన్, వెదురు, ప్లమ్ అనే చెట్ల పేర్లతో పిలుస్తారు, అప్పుడు ధర చూసి వరస తెలుసుకోండి. నామిలో ఆక్టోపస్, స్క్విడ్, గుడ్డు, సముద్రపు నాచు రేకులో అన్నంతో చుట్టిన దోసకాయ చుట్టలు ఎక్కువుంటాయి. తొకుజోలో సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవి లోపలి మెత్తని భాగం, ట్యూనా పొట్ట కొవ్వు చేరతాయి. కొత్త నాలుకకి ఆ రెండూ ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి, ధర మాత్రం వాటివల్లే పెరుగుతుంది. అందుకే నడిమి జో అంటున్నాను. మధ్యాహ్నం దాదాపు 1,500 నుంచి 2,500 యెన్లు, ఎనిమిది పది ముక్కలు, ఒక చుట్ట, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో చారు. 2021 ఏప్రిల్ నుంచి పన్ను కలిపిన ధరే రాయాలన్న నియమం ఉంది, బోర్డు మీద ఉన్నదే మీరు కట్టేది. టిప్ ఇవ్వరు. ఇస్తే వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు.

అదే షాపుకి రాత్రి వెళ్తే లెక్క మారుతుంది. చాలామంది ఒకొనొమిగా అడుగుతారు, పానీయం తీసుకోవడం మామూలు, కొన్ని చోట్ల అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి దానికీ కొంత కలుపుతారు. మనిషికి అయిదారు వేల యెన్లు తేలిగ్గా దాటుతుంది. అదే చెయ్యి, అదే అన్నం మధ్యాహ్నం మూడో వంతుకి దొరుకుతున్నప్పుడు రాత్రికి వెళ్ళడం ఎందుకు?

చేత్తో తినొచ్చా అని పిన్ని నెమ్మదిగా అడిగింది. తినొచ్చు, ముద్ద సుషి చేత్తో తినడం ఇక్కడ పాత పద్ధతే. అందుకే కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు. ముద్దని పక్కకి వాల్చి పట్టుకుని, చేప వైపు సాస్‌కి తాకించండి. అన్నం వైపు ముంచితే ముద్ద విచ్చిపోయి గిన్నెలో పడుతుంది. పైన ముందే సాస్ రాసి ఇస్తే ఇక ముంచక్కర్లేదు. అల్లం ముక్కలు ఒక చేపకీ మరో చేపకీ మధ్య నోరు కడుక్కోవడానికి, సుషి మీద పెట్టుకోవడానికి కాదు. చేప కింద రాసే ఘాటైన పచ్చటి ముద్ద వసాబి వద్దనుకుంటే "సబి నుకి" అనండి, అర్థమైపోతుంది.

మొదటి ముక్క మన నాలుకకి చప్పగా తగలడం సహజం. సెట్ అంతా ఒకేసారి ముందు పెడితే నేను చెప్పే వరస ఇది, పుస్తకాల్లో ఉండేది కాదు. ముందు సబా లేదా కొహదా తినండి. ఈ రెండూ ఉప్పు పట్టించి వెనిగర్‌లో నానబెట్టిన చేపలు, ఉప్పూ పులుపూ రెండూ ఉంటాయి కాబట్టి మన నోటికి వెంటనే అందుతాయి. తర్వాత తీపి పులుసు రాసిన ఉడికించిన పాము చేప, అనగొ. ఆ పైన ట్యూనా, చివర్లో తెల్ల చేప. జపాన్‌వాళ్ళు చాలామంది తేలిక రుచుల్లోంచి ఘాటు రుచుల్లోకి వెళ్తారు, మా ఇంటివాళ్ళకి తిరగేస్తేనే పని చేసింది. ఇలా ఉప్పు పట్టించడం, ఉడికించడం, సాస్‌లో నానబెట్టడం ఫ్రిజ్‌లు లేని కాలంలో పుట్టిన పనితనం. పాత షాపుల గర్వం అక్కడే ఉంటుంది.

సాల్మన్ లేదని ఆశ్చర్యపోకండి. పచ్చి సాల్మన్ సుషి మీదికి ఎక్కింది 1980ల తర్వాతే, నార్వే తన చేపని జపాన్‌లో అమ్ముకోవడానికి చేసిన ప్రయత్నం వల్ల. పాత పద్ధతి షాపుల్లో కొందరు ఇప్పటికీ పెట్టరు. అదే కావాలంటే బెల్టు షాపే మంచిది, అక్కడ నాలుగైదు రకాలుగా దొరుకుతుంది.

చిన్న షాపుల లోపాలూ చెప్పాలి. చాలావాటిలో కార్డు పనిచెయ్యదు, చేతిలో పదివేల యెన్లు నోట్లుగా ఉంచుకోండి. 2020లో హోటళ్ళ లోపల పొగ తాగకుండా చట్టం వచ్చినా, పాత చిన్న షాపులకి మినహాయింపు ఉంది, కొన్నిట్లో ఇప్పటికీ సిగరెట్ వాసన ఉంటుంది. గుమ్మం మీద గుర్తు చూసుకోండి. ఒకసారి నేను వెళ్ళిన చోట అన్నం పొద్దున కలిపినది, చల్లగా, గట్టిగా వచ్చింది. పక్కనున్న బెల్టు షాపే నయం అనిపించింది. మధ్యాహ్నం పన్నెండుకి నాలుగు సీట్లయినా నిండని షాపు చూస్తే ఇప్పుడు వెనక్కి తిరుగుతాను.

ఈ సలహా ఎవరికి కుదరదు

శాకాహారులకి. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. చిన్న సుషి షాపుకి వెళ్ళి చేప లేకుండా చెయ్యమని అడగకండి. అదే చెయ్యి, అదే కత్తి, అదే పలక. చేప లేనివి కనిపించినా గుడ్డు అట్టులో, తీపి టోఫు సంచిలో కూరిన ఇనారిలో, మిసో చారులో ఎండు చేపతో తీసిన కట్టు ఉంటుంది. దోసకాయ చుట్ట కప్పా మకి ఒక్కటే కాస్త నమ్మకంగా తినొచ్చు. నాకు బాధనిపించేది కన్‌ప్యో మకి విషయంలో. అది మన సొరకాయే, పొడుగ్గా పట్టీలుగా చెక్కి ఎండబెడతారు, అచ్చం మన వరుగులా. దేశంలో పండేది దాదాపు అంతా తొచిగి జిల్లాలోనే. కానీ దాన్నీ చాలా చోట్ల చేప కట్టులోనే ఉడికిస్తారు. ఖచ్చితమైన శాకాహారులైతే ఆ పూట బౌద్ధ మఠాల పద్ధతిలో చేసే షోజిన్ భోజనానికి పెట్టండి, క్యోటోలో సులువుగా దొరుకుతుంది. ఇంట్లో ఒకరే శాకాహారి అయితే, వంటలో చేప కట్టు పట్టించుకోనివారైతే, బెల్టు షాపులో వాళ్ళకి బంగాళాదుంప వేపుడు, దోసకాయ చుట్టలు, పండ్లు దొరుకుతాయి, అందరూ కలిసి కూర్చోవచ్చు.

చిన్న పిల్లలుంటే, నలుగురికి మించి ఉంటే బెల్టు షాపే. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి పచ్చి చేప వద్దు. ఉడికించిన రొయ్య, అనగొ, గుడ్డు ఉన్నాయి, అవి చాలు. అనిసాకిస్ అనే చేప పురుగు ఇరవై నాలుగు గంటలు సున్నాకి ఇరవై డిగ్రీల కింద గడ్డకట్టిస్తే చస్తుంది, వెనిగర్‌కీ వసాబికీ చావదు. షాపువాళ్ళు కంటితో వెతికి తీస్తారు, అయినా తిన్న కొన్ని గంటలకి కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే ఆస్పత్రికి వెళ్ళి పచ్చి చేప తిన్నామని చెప్పండి.

ఊరిని బట్టి కూడా మార్చుకోవాలి. ముద్ద సుషి టోక్యోది. ఒసాకాలో చెక్క పెట్టెలో నొక్కి కోసిన సుషి అసలు సంప్రదాయం, సబాతో చేసేదాన్ని బత్తెరా అంటారు. క్యోటో సముద్రానికి దూరం. వాకాసా తీరంలో ఉప్పు పట్టించిన సబాని కొండదారిన మోసుకొచ్చేవారు, ఊరు చేరేసరికి ఉప్పు సరిగ్గా పట్టేది. ఆ సబా సుషి ముక్క చల్లగానే తినాలి, నా అన్నం లెక్క దానికి వర్తించదు. తొయామా వెళ్తే వెతకడమే అక్కర్లేదు. తొయామా-వాన్ జుషి, అంటే తొయామా అఖాతం సుషి, అనే పేరుతో చాలా షాపులు ఒకే నియమంతో సెట్ పెడతాయి: స్థానిక చేపలు, స్థానిక బియ్యం, పది ముక్కలు, చారు. ఆ పేరు చెబితే చాలు.

టోక్యోలో రోజు కూడా చూసుకోండి. తొయోసు మార్కెట్‌కి ఆదివారాలు, కొన్ని బుధవారాలు సెలవు. చిన్న షాపులు చాలావరకు ఆ రోజుల్లోనే మూస్తాయి. సుషి పూటని ప్రయాణంలో చివరి రోజుకి పెట్టుకోవద్దు, రెండో రోజుకో మూడో రోజుకో పెట్టుకోండి. నచ్చితే మళ్ళీ వెళ్ళడానికి వీలుంటుంది. మా బాబాయి కనజావాలో ఉన్న మూడు రోజుల్లో రెండుసార్లు వెళ్ళారు. రెండోసారి మేం కూర్చుని టీ తాగుతుండగానే, బోర్డు వైపు వేలు చూపించకముందే, ఆ పెద్దాయన ఆయన ముందు సబా ముక్క పెట్టాడు.